వేరు వేరు మాటలు

టైలరమ్మకు పక్షవాతం వచ్చిన పూట ఆమె మిషను మీద ఒక కోటు సగంలో ఉంది. సూది గుడ్డలోనే దిగబడి ఉంది. కోటు తాలూకు మనిషి కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఆ తరవాత ఒక్క చెయ్యే ఉన్న కోటును కాగితంలో చుట్టించుకుని పట్టుకుపోయాడు. దుకాణం షట్టరు దించేశారు.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఆమె కుడికాలు కర్ర సాయంతో నడిచే దారిలో పడింది. కుడిచెయ్యి నిండు సంచిలా వేలాడుతూనే ఉన్నా, భుజం దగ్గర కాస్త కదలిక వచ్చింది. నోరు మాత్రం మాట వినలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా ఆమెకు అర్థమయ్యేది. తిరిగి చెప్పబోతే ఒక్కటే వచ్చేది.

"అదే."

ఆకలేసినా అదే. కిటికీ మూయమన్నా అదే. నడుం కింద దిండు సర్దమన్నా అదే. ఒక్కోసారి "అదే, అదే, అదే" అని గొంతు పెంచి, చివరికి ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టి ఊరుకునేది.

ఒకప్పుడు ఆ నోటికి వీధంతా జడిసేది. "గుడ్డ సాగదు నాయనా, నువ్వే తగ్గాలి" అని కొలతలు తీస్తూ మొహం మీదే అనేసేది. కుట్టు కుదరలేదని వచ్చినవాళ్ళను అద్దం ముందు నిలబెట్టి, కుదరనిది కుట్టు కాదు, వాళ్ళు నిలబడే తీరేనని ఒప్పించి పంపేది. ఎదుట టైలరమ్మ అనేవారు, వెనకాల కత్తెరమ్మ అనేవారు. ఆ రెండో పేరు ఆమెకు తెలుసు. తెలిసినందుకు గర్వపడేది కూడా.

ఆమె కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వాళ్ళుండేది రెండో అంతస్తులో. ఆ భవనానికి లిఫ్టు లేదు. దాని మీద స్నేహితులు ఎన్నో వేళాకోళాలు ఆడేవారు గానీ, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు మెట్లెక్కించిన రోజు నుంచి ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు.

కోడలు మోటారు విడిభాగాలు అమ్మే కంపెనీలో పనిచేసేది. జాబితాలు శుభ్రం చెయ్యడం ఆమె పని. ఒకే బోల్టును పది డిపోలవాళ్ళు పది రకాలుగా రాసి పంపుతారు. అవన్నీ ఒకటేనని తేల్చి, అసలు ఎన్ని రకాల సరుకుందో చెప్పాలి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టుకుంటూ వారంలో సగం రోజులు ఇంట్లోనే పని చేసుకునేది. ఆమెది నిదానం. ఒక మాట అడిగితే నాలుగు క్షణాలాగి జవాబు చెప్పే రకం. "నీ చేత మాట్లాడించడం బావిలోంచి నీళ్ళు తోడడమే. తాడు సగం చుట్టేసరికి నాకు చెయ్యి లాగుతుంది" అని అత్తగారు పెళ్ళైన కొత్తలోనే తేల్చేసింది. అంతటితో వాళ్ళిద్దరికీ పోట్లాటా లేదు, పెద్ద మాటామంతీ లేదు.

కొడుకు కంటే కూతురు పెద్దది. భర్త పోయాడు, పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దూరప్రయాణపు బస్సుల టికెట్ కౌంటర్లో ఆమె ఉద్యోగం. గాజు అద్దం అవతల మనిషి నోరు తెరిచేలోగానే ఏ ఊరికో, ఎన్ని టికెట్లో, కిటికీ పక్కనో కాదో చెప్పేసే చురుకు. రోజూ సాయంత్రం పని నుంచి నేరుగా తల్లి దగ్గరకు వచ్చి చీకటి పడేదాకా కూర్చునేది.

ఆస్పత్రిలో మాట నేర్పే డాక్టరు ఒకావిడ ఉంది. ఇంట్లో అందరూ ఆమెను మాటల డాక్టరనే అనేవారు. కింది అంతస్తులో ఆమె గది. ఒక అద్దం, బొమ్మల కార్డులు, కుర్చీలు, అంతే. వారానికొక క్లాసు. మూడో క్లాసు అయ్యాక ఆమె ముగ్గురినీ లోపలికి పిలిచింది.

"ఇంట్లో ఆవిడ తనంతట తాను ఏ మాట అన్నా రాసి పెట్టండి. మీరు అన్నదాన్నే తిరిగి అంటే రాయకండి. ఎప్పుడు, ఎవరి దగ్గర, ఏ మాట, ఎందుకు. అంతే."

"రోజుకి ఎన్నిసార్లు మాట్లాడిందో లెక్కపెట్టాలా?" అన్నాడు కొడుకు.

"అది కాదండీ. ఎన్ని వేరు వేరు మాటలు వచ్చాయన్నది నాకు కావాలి. వందసార్లు అదే అంటే ఒక మాటే కదా. ఈ విడత అయిపోగానే పెద్ద డాక్టర్లు కూర్చుంటారు. మాట ఎదుగుతున్నవాళ్ళకి క్లాసు ఉంచుతారు. ఎదగనివాళ్ళు వెనక్కి పోవాలి. బయట చాలామంది ఎదురుచూస్తున్నారు."

కోడలు ఆ రాత్రే ముగ్గురి ఫోన్లలోనూ కనిపించేలా ఒక పట్టిక తయారు చేసింది. నాలుగు కాలమ్‌లు. తేదీ, దగ్గరున్నవాళ్ళు, మాట, సందర్భం. ఎవరు ఎప్పుడు విన్నా అందులో ఒక వరస చేర్చాలి.

మొదటి ఆదివారం దాన్ని మామూలు టెక్స్టు ఫైలుగా దించుకుని నల్లతెర ముందు కూర్చుంది. కొడుకు వెనకాల నిలబడ్డాడు.

"కట్ అని కొడుతున్నావేంటి? దీంట్లోనూ కత్తెరేనా?" అన్నాడు.

"మాట ఉన్న కాలమ్ ఒక్కటే కత్తిరించి తీస్తుందండీ. తరవాత సార్ట్ చేస్తే అక్షరాల వరసలో పేరుస్తుంది. యునీక్ అంటే ఒకేలా ఉన్నవి కలిపేస్తుంది. ఆఖర్న ఎన్ని మిగిలాయో లెక్క."

మీట నొక్కగానే అంకె వచ్చింది. ముప్పై ఒకటి. కొడుకు ఈల వేశాడు. కోడలు వెయ్యలేదు. ఆ ముప్పై ఒకటీ ఏవో తెర మీదకు తెచ్చి చూసింది. ఒకే మాట కొడుకు వొద్దు అని రాస్తే, ఆడపడుచు వదినగారు వద్దు అని, తను ఒద్దు అని రాసుకున్నారు. ముగ్గురు రాస్తే మూడు మాటలయ్యాయి. నీళ్ళు ఒకటి, నీళ్లు ఒకటి. ఒక అదే పక్కన ఖాళీ జాగా ఉండిపోవడంతో అది మరో అదే అయి కూర్చుంది. పైగా వదినగారు "అదే, అదే, కాదు" అని ఒకే గడిలో కామాలు పెట్టి రాస్తే, కామా దగ్గరే కాలమ్ తెగుతుంది కాబట్టి ఆ కాదు పక్క కాలమ్‌లోకి జారిపోయి లెక్కకే రాలేదు.

కామాల బదులు ట్యాబులతో ఫైలు మళ్ళీ దించింది. ఒకే గడిలో ఇరుక్కున్న మాటల్ని వేరు వేరు వరసల్లోకి విడదీసింది. స్పెల్లింగులన్నీ ఒక దారికి తెచ్చింది. మళ్ళీ నొక్కితే తొమ్మిది.

"ఇన్ని వరసలు రాస్తే తొమ్మిదేనా?" అన్నాడు కొడుకు.

"తొమ్మిదేనండీ."

"ఆ ముప్పై ఒకటే బాగుంది," అని వెళ్ళి స్నానానికి నీళ్ళు పెట్టుకున్నాడు.

రెండు వారాలు ఆ అంకె కదలలేదు. అదే, కాదు, వద్దు, నీళ్ళు, పో, అమ్మో, ఊఁ, రా, చాలు. అంతే.

ఒక మధ్యాహ్నం కోడలు భర్త యూనిఫారం చొక్కాకు చిరిగిన జేబు కుడుతూ కూర్చుంది. కుట్టుపని ఆమెకు ఎప్పుడూ పట్టుబడలేదు. ఇంట్లో టైలరమ్మ ఉండగా ఆ అవసరమూ రాలేదు. పక్క కుర్చీలో అత్తగారు కిటికీలోంచి వీధి చూస్తోంది. మధ్యమధ్య కోడలి చేతుల వంక చూసి మొహం తిప్పుకుంటోంది. కుట్టు జేబు మూల దగ్గరకు వచ్చేసరికి ఇంక ఆగలేకపోయింది.

"ఏడిసినట్టుంది!"

కోడలు సూది పట్టుకుని అలాగే ఉండిపోయింది. అత్తగారు కూడా. మాట ఎక్కడి నుంచి వచ్చిందా అన్నట్టు ఆమె తన నోటిని ఎడమచేత్తో తాకి చూసుకుంది.

"ఎక్కడ తప్పింది అత్తయ్యా?" అంది కోడలు.

టైలరమ్మ నోరు కదిపింది. ఏమీ రాలేదు. కోడలు ఇంకేమీ అడగలేదు. చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె స్వభావమే అంత. పెద్ద పెద్ద ఫైళ్ళు తెర మీద తేలేదాకా అలాగే కూర్చునేది. వీధిలో కూరగాయల బండి వచ్చి, బేరాలు ముగించుకుని వెళ్ళిపోయింది.

"మూ... మూల," అంది అత్తగారు. కాసేపాగి, "విప్పు."

కోడలు కుట్టంతా విప్పింది.

ఆ మాటలు పట్టికలో ఎక్కాయి. సందర్భం కాలమ్‌లో "నా కుట్టు" అని రాసింది. మాటల డాక్టరు అది చదివి నవ్వింది.

"తిట్లూ విసుర్లూ అలవాటుగా ఊడిపడతాయండీ. దెబ్బ తగిలితే అబ్బా అన్నట్టు. వాటిని నేను వేరే లెక్క చూస్తాను. కానీ ఈ మూల, విప్పు ఉన్నాయే, ఇవి వెతుక్కుని తెచ్చుకున్నవి. మీరు ఇంకా కుట్టండి."

"నాకు రాదండీ."

"రాకపోవడమే మంచిది."

అప్పటి నుంచి కోడలు పని మధ్యలో కాస్త తీరిక దొరికితే చాలు, ఏదో ఒక పాతగుడ్డ పట్టుకుని అత్తగారి పక్కన కూర్చునేది. కావాలని పాడుచెయ్యాల్సిన అవసరం రాలేదు. అంచు, దారం, లోపల, వదులు, గట్టిగా, తిప్పు, గుడ్డిదానా, పోవే. ఒక్కో మాట కోసం టైలరమ్మ నుదుటి మీద చెమట పట్టేది. దొరికితే ఊపిరి వదిలేది. దొరక్కపోతే ఆ గుడ్డ లాక్కుని నేలకేసి కొట్టేది. కోడలు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేది. పోవే అన్నది పో కిందకే వస్తుందా, వేరే మాటా అని ఆమె డాక్టరును ఫోన్ చేసి అడిగింది. ఆ "వే" ఎవరిని అంటున్నదో తెలిసి చేర్చింది కాబట్టి వేరేగానే వెయ్యమంది డాక్టరు.

విడత చివరికొచ్చింది. ఒక ఆదివారం కోడలికి ఆఫీసులో అత్యవసరం పడింది, ఫోను మీద ఉండిపోయింది. కొడుకు తనే ఆమె కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆమె కొట్టేది ఇన్నాళ్ళుగా చూస్తున్నాడు, కట్ గుర్తుంది, యునీక్ గుర్తుంది. కొట్టాడు. రెండు వందల పన్నెండు!

తల్లి గదిలోకి పరిగెత్తి ఆమె తల మీద ముద్దు పెట్టుకున్నాడు. అక్కకు ఫోన్ చేశాడు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. గంట తిరిగేసరికి పిన్నికీ, మేనమామకీ, కౌంటర్లో తోటివాళ్ళకీ తెలిసిపోయింది. అతను అక్కడితో ఆగకుండా మాటల డాక్టరు నంబరుకు కూడా ఆ అంకె పంపాడు.

కోడలు వచ్చి తెర చూసింది. నాలుగు క్షణాలు ఆగింది.

"సార్ట్ మరిచిపోయారండీ."

"అంటే?"

"యునీక్‌కి పక్క వరస ఒక్కటే కనిపిస్తుంది. అదే, కాదు, మళ్ళీ అదే అని వచ్చిందనుకోండి. మధ్యలో కాదు ఉందిగా, అందుకని ఆ రెండు అదేలూ వేరే వేరే అనుకుంటుంది. ముందు సార్ట్ చేస్తే ఒకలాంటివన్నీ పక్కపక్కకి వస్తాయి, అప్పుడు కలుపుతుంది."

"మరి ఎన్ని?"

ఆమె సరిచేసి నొక్కింది. ముప్పై ఎనిమిది.

అతను మంచం మీద కూలబడ్డాడు. "ఊరంతా చెప్పేశాను కదే."

"ముప్పై ఎనిమిది తక్కువా? ఒకటి నుంచి వచ్చిందండీ."

"రెండు వందలు విన్నాక ముప్పై ఎనిమిది తక్కువే."

డాక్టరుకు కోడలే ఫోన్ చేసి నిజం చెప్పింది. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "రెండు వందలంటే నేనూ నమ్మలేదులెండి. మీ దగ్గర ఇంకో కాలమ్ ఉంది కదా, ఎవరి దగ్గర అన్నదని. మనిషి వారీగా ఎన్ని వేరు మాటలో తీసి పంపగలరా? మీటింగులో పనికొస్తుంది" అంది.

అది అంత కష్టమైన పని కాదు. దగ్గరున్నవాళ్ళ కాలమ్‌ను కూడా కలిపి కత్తిరించి, పేరు పేరునా విడదీస్తే సరి. కొడుకు దగ్గర పదకొండు. కోడలి దగ్గర ముప్పై మూడు. కూతురి దగ్గర ఏడు. వరసలు ఎక్కువ రాసింది మాత్రం కూతురే. మొత్తం పట్టికలో సగం ఆమెవే. అందులో అదే తరవాత అదే, కాదు తరవాత ఊఁ.

కోడలు ఆ మూడు అంకెలు డాక్టరుకు పంపి, తెర మూసేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనుకుంది. కానీ రెండు వందల పన్నెండు ఎందుకు ముప్పై ఎనిమిది అయిందో తేల్చుకోవడానికి వదినగారు మర్నాడు సంచీ కూడా దించకుండా వంటింట్లోకి వచ్చింది.

"నేను రాసినవి తీసేశావా ఏంటి?"

"లేదు వదినా. ఏదీ తియ్యలేదు."

"అయితే నావెన్ని ఉన్నాయో చూపించు. రోజూ రెండు గంటలు కూర్చుని రాసినదాన్ని నేను."

కోడలు ఆగింది. ఆగడం చూసి వదినగారికి అనుమానం బలపడింది. "చూపించవే!" అంది. కోడలు కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టింది. అబద్ధం చెప్పడానికి కూడా ఆమెకు టైము పట్టేది, ఆలోగా అంకెలు కనపడ్డాయి.

వదినగారు ఆ ఏడు మాటల్నీ పైకి చదివింది. మళ్ళీ చదివింది.

"అంటే నాతో మా అమ్మ మాట్లాడదంటావు."

"అలా కాదు వదినా."

"కాకపోతే ఎలా? నీకు ముప్పై మూడు. కడుపున పుట్టినదానికి ఏడు."

"మీరు అడిగేలోపే అన్నీ చేసిపెడతారు. అత్తయ్యకి మాటతో పని పడదు. నేనైతే... నాకు ఏదీ తెలీదు కాబట్టి చెప్పాల్సొస్తుంది."

అది సర్దిచెప్పడానికి అన్న మాట కాదు, ఆమె నిజంగా అనుకున్నదే. కానీ వదినగారి చెవికి అది ఎత్తిపొడుపులా తగిలింది. ఆ సాయంత్రం తల్లి దగ్గర కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు మామూలు వేళకే వచ్చింది. తల్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని, పెదాలు బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్క మాట లేదు. కాఫీయా టీయా అని లేదు, కాఫీయే కదా అని తనే చెప్పుకోవడం లేదు. ఉలుకూ పలుకూ లేని కూతుర్ని టైలరమ్మ వింతగా చూసింది. కాసేపటికి ఆ చూపులో కంగారు వచ్చింది. ఎడమచెయ్యి చాచి కూతురి నుదురు తాకింది.

"జొ... జొరమా?"

కూతురికి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. "జ్వరం లేదమ్మా, నాకేం లేదు, ఇదిగో చూడు చల్లగానే ఉన్నాను, నేను మాట్లాడితే నీకు మాట రాదంటారే వీళ్ళు, మాట్లాడకుండా ఎలా ఉండను, నా వల్ల కాదే తల్లీ" అని గట్టు తెగినట్టు మొదలుపెట్టి, కౌంటరు సంగతులూ, హాస్టల్లో పిల్ల సంగతులూ చీకటి పడేదాకా చెప్పుకుంటూనే ఉంది. టైలరమ్మ దిండుకు ఆనుకుని కళ్ళు అరమూసి వింది. వెళ్ళేముందు కూతురు జొరమా అన్న మాటను పట్టికలో తనే రాసింది. జ్వరమా అని దిద్దలేదు.

మీటింగు అయింది. డాక్టర్లు క్లాసు కొనసాగించారు. ఆ మాట చెప్పడానికి మాటల డాక్టరు అందరినీ తన గదిలోకి పిలిచినప్పుడు కూతురు ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్నది బయటపెట్టింది.

"అమ్మని మా ఇంటికి తీసుకెళ్తాను. మాది కింది వాటా. మెట్లు లేవు. ఇలా క్లాసుకి వచ్చిన ప్రతిసారీ ఇద్దరు మనుషుల్ని పెట్టి దించుతున్నారు, ఎప్పుడో పడేస్తారు."

"కానీ అక్కా, అంకెలు చూశావుగా. ఇంట్లో దీని దగ్గర అమ్మకి మాట వస్తోంది," అన్నాడు కొడుకు.

"అంకెలు, అంకెలు! లిఫ్టు లేని ఇంట్లో లిఫ్టు మెకానిక్కువి, నువ్వు నాకు అంకెలు చెబుతావా?"

కోడలి మనసులో జవాబు ఖాయమైపోయి ఉంది. ముప్పై మూడు మాటలు ఊరికే రాలేదు. అత్తగారు తన దగ్గరే ఉంటుందని ఆమెకు ఏ సందేహమూ లేదు. ఆ ధీమా తనకెప్పుడు అలవాటైందో కూడా ఆమె గమనించుకోలేదు.

"ఆవిడ ఇక్కడే ఉన్నారు కదా," అంది డాక్టరు. "ఆవిడనే అడగండి. అడిగాక ఆగండి."

కొడుకు అడిగాడు. అందరూ ఆగారు. కూతురు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ ఆగింది. టైలరమ్మ ముందు కోడలి వంక చూసింది, చాలాసేపు చూసింది. తరవాత ఎడమచెయ్యి ఎత్తి కూతుర్ని చూపించింది.

"దీని... ఇల్లు."

ఇంటికి వచ్చాక కోడలు కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. భర్త వంటింటి గుమ్మంలో నిలబడి, "మెట్ల కోసమే అనుంటుందిలే" అన్నాడు. ఆమె ఊఁ కొట్టింది. తను ఎప్పుడూ అత్తగారి ప్రేమ కోసం ఎగబడలేదు. దక్కనిది పోయిందని బాధేమిటో ఆమెకే అర్థం కాలేదు. దక్కిందనుకున్నాక పోయింది, అదీ సంగతి.

సామాను సర్దుతున్నప్పుడు గదిలో ఇద్దరే ఉన్నారు. దుప్పట్లు మడిచి పెట్టెలో పెడుతూ కోడలు అడిగింది.

"నేనేమన్నా తప్పు చేశానా అత్తయ్యా?"

"కాదు."

"మరి?"

టైలరమ్మ వెతుక్కుంది. కోడలు దుప్పటి పట్టుకుని నిలబడింది.

"నువ్వు... నువ్వు పని," అంది అత్తగారు. తన నోటిని చూపించి, నుదుటి మీది చెమట తుడుచుకున్నట్టు చెయ్యి ఆడించింది. "నీ దగ్గర పని. అది..." మాట రాలేదు. చుట్టూ చూసింది. మంచం మీద ఉన్నదాన్ని ఎడమచేత్తో రెండుసార్లు తట్టింది. "దిండు."

కోడలికి కోపం రాలేదు. ఆమె ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పగానే ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు ఆనుకుని కూర్చునే వేళ ఒకటుంది. ఆ వేళలో భర్త వచ్చి ఏదైనా అడిగితే ఒళ్ళు మండేది. అత్తగారికి తన పక్కన గడిచిన మధ్యాహ్నాలన్నీ పనివేళలేనన్నమాట.

"పనికి మాత్రం రావాలి అత్తయ్యా," అంది. "మానెయ్యడానికి వీల్లేదు."

"పోవే," అంది టైలరమ్మ. నవ్వింది కూడా, మూతి ఒకపక్కకే సాగింది.

టైలరమ్మ కూతురింటికి మారింది. మెట్లెక్కించి దించే బెడద లేకుండా కోడలే అటు వెళ్ళేది, ఇంట్లో పనిచేసుకునే రోజుల్లో వారానికి రెండు పూటలు, తన కంప్యూటరూ గుడ్డముక్కలూ సంచిలో పెట్టుకుని. వదినా మరదళ్ళ మధ్య మొదట్లో కాస్త బిగువు ఉండేది. "అమ్మా, మీ మేస్త్రీ వచ్చింది" అని వదినగారు తలుపు తీసేది. తరవాత తరవాత ఆ మేస్త్రీ అన్నది నిజంగా పిలుపైపోయింది.

మాటలు పెరిగాయి గానీ పరిగెత్తలేదు. కొన్ని వచ్చి మళ్ళీ పోయేవి. వదులు అన్న మాట నెలంతా కనపడకుండా పోయి, ఒకరోజు పక్కవాటా చంటిపిల్లాడి కొత్త బూట్లు చూసి బయటికొచ్చింది. చిన్న చిన్న వాక్యాలు అల్లడం వచ్చాక, ఇంక విడి మాటలు లెక్కపెట్టక్కర్లేదని డాక్టరు చెప్పింది. వరసలు చేర్చడం ముందు కొడుకు మానేశాడు, తరవాత కోడలు. వదినగారు మాత్రం చాలాకాలం రాస్తూనే ఉంది. ఒక మాట రెండుసార్లు వచ్చినా రెండుసార్లూ రాసేది.

ఒక ఉదయం కోడలు మొదటిసారి కొత్త గుడ్డ కోయడానికి సాహసించింది. భర్తకు చొక్కా. బల్ల మీద గుడ్డ పరిచి, పాత చొక్కా పెట్టి సుద్దతో గీసుకుంది. మెడ దగ్గర వంపు తిరగలేదు. టైలరమ్మ వంగి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది... ఇక్కడ..."

మాట రాలేదు. వంటింటి గుమ్మంలో వదినగారు నిలబడి ఉంది. ఆమె పెదాలు కదలబోయి ఆగాయి. చేతిలో గరిట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది.

టైలరమ్మ కాసేపు వెతికింది. కోడలు ఎదురుచూసింది. దొరకలేదు. ఇంక విసిగిపోయి ఎడమచేత్తో సుద్దముక్క అందుకుని, కోడలి గీత మీద తనే ఇంకో గీత గీసింది. అలవాటు లేని చెయ్యే గానీ వంపు సరిగ్గా తిరిగింది. సుద్ద బల్ల మీద పడేసి, కుర్చీలో వెనక్కి వాలింది.

కోడలు ఆ గీత వెంట కోసింది.